పిల్లలకు వంట నేర్పుదాం



నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీలకు పనికి పోయే తల్లులం మనం. మనకు జ్వరం వస్తే పొయ్యి వెలగదు. పిల్లలు పస్తుంటారు. అందుకే సెలవుల్లో వాళ్లకు వంట నేర్పుదాం. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికీ నేర్పాలి. ఆకలి ఇద్దరికీ ఒకటే కదా!

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. మరి మూడు గ్లాసులకు ఎన్ని? లెక్క కూడా వస్తుంది. ఇలా వండితే గంజి వంచే పని లేదు. బలం అన్నంలోనే ఉంటుంది.

ఆకుకూరలో ఇనుము ఉంది. తినేముందు నిమ్మకాయ పిండితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తం తక్కువైన పిల్లలకు మేలు. ఇలాంటి తిండి సంగతులు పరిశోధించే జాతీయ పోషకాహార సంస్థ మన పక్కనే, తార్నాకలో ఉంది. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది.

పొయ్యి దగ్గర మాత్రం పెద్దలు ఉండాలి.

తన చేత్తో వండిన కూరను ఏ పిల్లా వద్దనదు. ఈ ఆదివారం మీ పిల్లవాడి చేతికి తోటకూర కట్ట ఇస్తారా?