వస పోస్తే మాటలొస్తాయా?
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆయుర్వేదం గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను వైద్యుణ్ణి కాను, ముప్పై మూడేళ్లు ఫైళ్లు రాసిన గుమాస్తాను. అందుచేత ఒక్క మూలికతో సరిపెడతాను.

ఇది నిన్న మోండా మార్కెట్లో కొన్న వసకొమ్ము. వాసన చూసి పక్కవారికి అందించండి. ఈ ఘాటు వల్లనే దీనికి ఉగ్రగంధ అని పేరు. చిత్తడి నేలల్లో, నీటి ఒడ్డున పెరుగుతుంది. ఆకు కత్తిలా ఉంటుంది. మందుకు వాడేది నేలలో పాకే దుంప. కర్ణాటకలో తుమకూరు వైపు దీన్ని మడుల్లో సాగు చేస్తారు. సంస్కృతంలో వచ అంటారు. వాక్కుకు మంచిదని ఆ పేరు. సారస్వత చూర్ణంలో ఇది ముఖ్యం. కడుపు ఉబ్బరానికీ, దగ్గుకూ వాడతారు. మోతాదు మించితే వాంతులవుతాయి. వైద్యులు శుద్ధి చేయనిదే ఇవ్వరు.

మన ఇళ్లలో శుద్ధి మాటెక్కడిది? సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి పసివాడి నాలుకకు రాయడమే. వాగుడుకాయను వసపిట్ట అనడం అందరూ ఎరిగినదే.

మా మనవడికి రెండేళ్లు నిండినా మాట రాలేదు. మా ఇంటావిడ రోజూ వస నాకించేది. "మగపిల్లలకు ఆలస్యమేలే" అని అమ్మాయికి సర్దిచెప్పింది నేనే. అలా ఏడాది గడిచింది. ఒకరోజు వాడి వెనకాల ఇత్తడి పళ్లెం జారిపడింది. ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డాం. వాడు మాత్రం తల తిప్పలేదు.

మర్నాడే మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి తీసుకెళ్లాం. లోపం చెవిలో ఉంది, నాలుకలో కాదు. పుట్టిన నెలలోనే చెవి పరీక్ష చేయవచ్చునని అప్పుడే తెలిసింది. ఆ పోయిన ఏడాది నా ఖాతాలోనే రాసుకున్నాను.

ఇంకొక సంగతి. వస నూనెలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. అది ఎలుకలలో కంతులు పుట్టిస్తుందని తేలింది. 1968లోనే అమెరికా ప్రభుత్వం ఆహారంలో వసను నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం మరీ ఎక్కువ. మనవల నాలుకకు రాసేముందు పిల్లల డాక్టరును అడగండి.

వాడిప్పుడు చెవి మిషను పెట్టుకుని బడికి పోతున్నాడు. నోరు మూయడు. వీడికి వస ఎవరు పోశారని పక్కింటివారు అడుగుతూంటారు.

కొమ్ము చివరి వరుసకు చేరినట్లుంది. దయచేసి వెనక్కి పంపండి. పురుగు పట్టకుండా మా బియ్యం డబ్బాలో వేసుకోవాలి.