ఎమ్డెన్‌ను పట్టించిన తంతి



రావల్కోల్‌లో నిలబడి యుద్ధనౌక గురించి మాట్లాడటం వింతగానే ఉంటుంది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా కోస్తా, రాయలసీమలకు అప్పట్లో రాజధాని అయిన మద్రాసును ఒక రాత్రి వణికించిన ఓడ కథ ఇది. పట్టాలు అందుకుంటున్న మీలో యంత్రాలు చదివినవారికీ, సిగ్నళ్లు చదివినవారికీ ఇందులో పని ఉంది.

జర్మనీ వారి ఎమ్డెన్ 1908లో డాన్‌జిగ్‌లో నీళ్లలోకి దిగి, మరుసటి ఏడాది నౌకాదళంలో చేరింది. తోటి ఓడ డ్రెస్డెన్‌కు టర్బైన్లు పెట్టి, దీనికి మాత్రం పాత పద్ధతి పిస్టన్ ఇంజన్లు బిగించారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ దాన్ని చైనా తీరం నుంచి బంగాళాఖాతంలోకి తెచ్చాడు. అతన్ని శత్రువు కన్నా బొగ్గే ఎక్కువ వేధించి ఉంటుంది. వెంట వచ్చిన బొగ్గు ఓడ మార్కొమానియా నుంచో, పట్టుకున్న సరుకు ఓడల నుంచో నావికులు ఎండలో బస్తాలు మోయాల్సిందే. మూడు పొగగొట్టాల పక్కన ఉత్తుత్తి నాలుగో గొట్టం నిలబెట్టి, బ్రిటిష్ క్రూయిజర్‌లా తిరిగారు.

సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు దీపాలతో వెలిగిపోతోంది. హైకోర్టు గుమ్మటం మీది లైట్‌హౌస్ సైతం! ఎమ్డెన్ నుంచి సుమారు 130 గుండ్లు పడ్డాయి. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడ్డాయి, రేవులోని చుప్రా నౌక దెబ్బతింది, కనీసం ఐదుగురు చనిపోయారు. అరగంటలో ఓడ మాయం. జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు.

పట్టుకున్న ఓడల్లోని మనుషులను ముల్లర్ క్షేమంగా పంపేసేవాడు. అందుకే శత్రువుల పత్రికలు కూడా అతన్ని మెచ్చుకున్నాయి. ఆ ఐదుగురి ఇళ్లలో మాత్రం ఎవరూ మెచ్చుకుని ఉండరు.

అక్టోబర్ 28న ఎమ్డెన్ పెనాంగ్ రేవులో రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను ముంచింది. నవంబర్ 9న కోకోస్ దీవుల్లోని తంతి కేంద్రాన్ని ధ్వంసం చేయడానికి మనుషులను దింపింది. వాళ్లు కేబుళ్లు తెంపారు, వైర్‌లెస్ స్తంభం కూల్చారు. అక్కడి ఉద్యోగులు కోరితే, అది టెన్నిస్ కోర్టు మీద పడకుండా చూశారు కూడా! కానీ ఆపరేటర్లు అప్పటికే వింత ఓడ వచ్చిందని కబురు పంపేశారు. దానికి వచ్చిన జవాబు ఎమ్డెన్‌కూ వినబడింది. సిగ్నల్ బలహీనంగా ఉంది కాబట్టి జవాబిచ్చిన ఓడలు చాలా దూరంలో ఉన్నాయని ఎమ్డెన్‌లోని వారు అనుకున్నారు. ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ నిజానికి 50 మైళ్ల దూరంలోనే ఉంది.

సిడ్నీ వచ్చి తలపడింది; దాని ఫిరంగులు పెద్దవి. ఎమ్డెన్ నార్త్ కీలింగ్ దీవి దగ్గర ఒడ్డు మీదికి ఎక్కి నిలిచిపోయింది, 130 మందికి పైగా నావికులు చనిపోయారు.

ఎమ్డెన్ దాడికి గుర్తుగా చెన్నై హైకోర్టు ఆవరణ గోడ మీద ఒక పలక ఉంది. ఉద్యోగాల వేటలో అటు వెళ్తే, కాసేపు ఆగి చదవండి.