ముందు డబ్బు కట్టమన్న చోట

(సూరత్‌లోని పాండేసరలో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు షిఫ్టు దిగి నేరుగా ఇటే వచ్చారు కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. ఆన్‌లైన్ మోసాల మీద బ్యాంకులు, పోలీసులు అతికించే పోస్టర్లలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: అత్యాశకు పోకండి. నా పేచీ ఆ మాటతోనే.

మీ నాన్న వరంగల్ నుంచో నల్లగొండ నుంచో సాంచెల పనికి ఇక్కడికి వచ్చినప్పుడు గదికి డిపాజిట్ ముందే కట్టాడు. పనిలో పెట్టించినవాడికి ముందే ఇచ్చుకున్నాడు. ఊళ్ళో కుల ధ్రువపత్రం కోసం తిరిగినప్పుడు ఎవరిదో ఒకరి చెయ్యి తడపాల్సి వచ్చింది. హక్కుగా రావలసినదానికి కూడా ముందు ఎంతో కొంత సమర్పించుకోవడం మన ఇళ్ళలో మామూలు సంగతి. అందుకే ‘మీకు విదేశీ స్కాలర్‌షిప్ వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని మెసేజ్ వస్తే మనకు అనుమానం రాదు. లోకం తీరే అంత కదా అనిపిస్తుంది. దీన్ని అత్యాశ అనడం అన్యాయం.

ఈ మోసం ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. స్పెయిన్ జైల్లో ధనవంతుడు చిక్కుకున్నాడు, విడిపిస్తే వాటా ఇస్తాడు అంటూ 19వ శతాబ్దంలోనే ఉత్తరాలు తిరిగేవి. తర్వాత నైజీరియా ఉత్తరాలు వచ్చాయి, ఆ దేశ శిక్షాస్మృతిలోని సెక్షన్ పేరు మీద వాటికి 419 అని పేరు పడింది. నడిచే పద్ధతి మాత్రం మారలేదు. మొదట చిన్న ఫీజు. తర్వాత కస్టమ్స్, ఆపైన పన్ను, చివరికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి పేరుతో ఇంకొకటి. మొదటి రెండు వేలు పోగొట్టుకోవడం ఇష్టం లేకే మనిషి తర్వాతి పది వేలు అప్పు తెచ్చి కడతాడు. రిజర్వ్ బ్యాంక్ వ్యక్తుల పేరిట ఖాతాలు నడపదు, ఎవరి లాటరీ సొమ్మునూ దాచిపెట్టదు. విదేశీ లాటరీకి ఇక్కడి నుంచి డబ్బు పంపడమే మన చట్టం ప్రకారం నిషిద్ధం.

మరి నిజమైన స్కాలర్‌షిప్ ఎలా ఉంటుంది? మనకు పక్కనే ఉన్న బరోడా సంస్థానం 1913లో బాబాసాహెబ్‌ను కొలంబియాకు పంపింది. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పందం రాయించుకున్నారు. షరతు కఠినమైనదే, కానీ కాగితం మీద ఉంది, డబ్బు సంస్థానం నుంచి విద్యార్థికి వచ్చింది. ఇప్పటి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా అంతే. ఏటా 125 మంది దాకా విద్యార్థులకు ట్యూషన్, ఖర్చులు, విమాన చార్జీ కేంద్రమే భరిస్తుంది, దరఖాస్తుకు రూపాయి తీసుకోదు.

అయితే విదేశీ విశ్వవిద్యాలయాలు దరఖాస్తు ఫీజు తీసుకుంటాయి, వీసాకూ ఫీజు ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. అమెరికాలో బాబాయి ఉన్నవాడు ఒక్క ఫోన్‌తో నిజమేదో తేల్చుకుంటాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడికి ఆ బాబాయి లేడు. ఆ లోటును పూరించాల్సింది మనలో ముందు వెళ్ళినవాళ్ళమే. గుర్తు ఒకటి చెబుతాను: అసలు ఫీజు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో, సంస్థ పేరు మీదే కడతాం. ఎవరో వ్యక్తి ఫోన్‌పే నంబరుకు పంపమంటే అక్కడే ఆగండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పరిశోధకులకూ ఇదే వర్తిస్తుంది. పేరు వినని అంతర్జాతీయ సదస్సు మీ పేపర్‌ను చదవకుండానే పొగిడి, హోటల్ డబ్బు ముందే పంపమంటే అది కూడా ఈ జాతిదే.

ఉద్యోగాల పేరిట జరిగేది ఇంకా ఘోరం. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని నమ్మించి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా వసూలు చేసి, మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళను కంబోడియాకు తరలించారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడ వాళ్ళచేతే మన దేశం వాళ్ళకు ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. అంటే మీకు ఫోన్ చేసే గొంతు కూడా ముందు డబ్బు కట్టి మోసపోయినవాడిదే కావచ్చు.

ఇక పాండేసరలో నన్ను ఎక్కువ భయపెట్టేది వేరొకటి. ‘నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తాం.’ ఇక్కడ మన దగ్గరే డబ్బు అడగరు, మనకే ఇస్తామంటారు! దోచిన సొమ్ము దాటించడానికి పేదవాడి ఖాతా కావాలి. 2025లో పక్కనే ఉధ్నాలో ఇలాంటి అద్దె ఖాతాల ముఠాను పట్టుకుంటే బ్యాంకు ఉద్యోగులు సైతం అరెస్టయ్యారు. కేసులో మొదట దొరికే పేరు మాత్రం ఖాతాదారుడిదే. స్కాలర్‌షిప్ పడే ఖాతా అదే అయితే, అది స్తంభించిన రోజున చదువూ ఆగుతుంది.

2023లో దేశంలో సైబర్ మోసాల్లో పోయింది 7,465 కోట్లు, 2024లో 22,845 కోట్లు. ఇది ఫిర్యాదు చేసినవాళ్ళ లెక్క. మన పిల్లలు చాలామంది చెప్పుకోరు. రిజర్వేషన్‌లో వచ్చినవాడికి ఈమాత్రం కూడా తెలియదా అన్న మాట హాస్టల్‌లో పడాల్సి వస్తుందని. మోసగాడికి ఆ మౌనం కావాలి. డబ్బు గంటల్లోనే పది ఖాతాలు మారుతుంది కాబట్టి పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఇక్కడ ఆ ఫోన్‌లో గుజరాతీలోనో హిందీలోనో చెప్పుకోవాల్సి రావచ్చు. మీ అమ్మకు ఆ భాషలు రాకపోతే పక్కన కూర్చుని మీరే చెప్పండి. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్ చెరిపేయకండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇంకో ఫోన్ వస్తుంది. పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు కాస్త ఫీజు కట్టండి అంటారు. మీ నంబరు వాళ్ళకు అమ్మింది మొదటివాళ్ళే కావచ్చు.

ఇలాంటి మెసేజ్ ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే ఇప్పుడే తెరవండి, కలిసి చూద్దాం.