ఆమె సైగలకు దుబాసీ ఎవరు?



మాట్లాడలేని స్త్రీ బోనెక్కితే ఆమె సాక్ష్యం చెల్లుతుందా అని ఇప్పటికీ అడుగుతున్నారు. సైగలతో చెప్పినా అది నోటి సాక్ష్యమేనని 1872 నాటి చట్టమే అంది. 2013 సవరణ దుబాసీనో ప్రత్యేక ఉపాధ్యాయురాలినో పిలవడాన్ని, వాంగ్మూలం వీడియో తీయడాన్ని తప్పనిసరి చేసింది. 2024 జూలైలో అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్‌లోనూ అదే ఉంది.

నన్ను కలవరపెట్టేది దుబాసీ ఎవరన్న సంగతి. ఆమె సైగలు తెలిసింది ఇంట్లోవాళ్ళకే కనుక తండ్రినో అన్ననో నిలబెడతారు. రాజస్థాన్‌లో ఒక హత్య కేసులో అలాగే జరిగింది. హతుడి భార్య సైగలను ఆమె తండ్రి వివరించాడు. ఆయన కేసులో ఆసక్తి ఉన్న మనిషి, పైగా ప్రమాణం చేయించలేదు అంటూ 2012లో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని నమ్మలేదు. ముద్దాయి విడుదల ఖాయమైంది. ప్రమాణం చేయించాల్సింది ఆమె కాదు కదా!

ఇక పిల్లలు. 2012 పోక్సో చట్టం ప్రకారం వకీళ్ళ ప్రశ్నలు జడ్జి ద్వారానే బిడ్డను చేరాలి. మధ్యమధ్య విరామం ఇవ్వాలి. బిడ్డ నమ్మిన మనిషి పక్కనుండొచ్చు. అయినా "నువ్వు అక్కడికి వెళ్ళలేదు కదా?" అంటే మన పిల్ల "ఆఁ" అంటుంది. వెళ్ళలేదనా, వెళ్ళాననా? దాన్ని ఇంగ్లీషులో "ఎస్" అని రాసుకుంటే అర్థమే తారుమారవుతుంది. వకీళ్ళకిది తెలియదనుకోను.

కనుక సైగల భాష వచ్చినవారి, ప్రత్యేక ఉపాధ్యాయుల పేర్లు జిల్లాలవారీగా పోగుచేసి, విచారణకు ముందే కోర్టుకు అందజేద్దాం. ఒక్కో మనిషి సైగలు తెలుసుకోవడానికి వారికి కొన్ని రోజులు పడుతుంది. ఆ వ్యవధి కూడా అడగాలి.