ఇల్లు కట్టే ముందు ఒక మాట
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పండుగలు, పాటలు, డోలు దెబ్బ గురించి ఇప్పటిదాకా చాలామంది చక్కగా మాట్లాడారు. నేను ఇంటి గురించి మాట్లాడతాను. ఇల్లు కట్టడం కూడా మన సంస్కృతిలో భాగమే. పైగా అది అందరికంటే ముందు మనల్ని అప్పులపాలు చేసే పని.

మన తాతలు వెదురు తడిక కట్టి, పుట్టమన్ను మెత్తి, పేడతో అలికి, పైన గడ్డి గానీ పెంకు గానీ కప్పారు. ఆ ఇంట్లో ఎండాకాలం చల్లగా ఉండేది. కష్టాలు కూడా ఉండేవి. గడ్డి కొన్నేళ్లకోసారి మార్చాలి, నిప్పు భయం, చెదల బెడద. అందుకే ఇప్పుడు అందరం రేకులు, సిమెంటు అంటున్నాం. ఆ కోరిక తప్పు కాదు. కానీ కొండ మీది గూడేనికి ఇసుక, సిమెంటు, ఇనుము చేరేసరికి సరుకు ధరకు మోత కూలి కూడా తోడవుతుంది. చివరికి స్లాబు దాకా డబ్బు చాలక రేకులు వేస్తాం. మే నెలలో పగలు ఆ రేకుల కింద పసిపిల్లల్ని పడుకోబెట్టలేం.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. లారీ బేకర్ అనే వాస్తుశిల్పి 1917లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. మన దేశం వచ్చి హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో చాలా ఏళ్లు ఉన్నాడు. అక్కడి కొండ జనం దగ్గరి రాయి, మట్టి, కలపతో కట్టుకున్న ఇళ్లను చూసి, తను కాలేజీలో చదివిన దానికంటే ఎక్కువ నేర్చుకున్నాడు. తర్వాత కేరళలో స్థిరపడి తక్కువ ఖర్చు ఇళ్లు ఎన్నో కట్టాడు. 1990లో పద్మశ్రీ అందుకున్నాడు.

ఆయన బాగా వాడిన పద్ధతి ఒకటి చెబుతాను. దాన్ని ఎలుక బోను కట్టుబడి అంటారు. మామూలుగా తొమ్మిదంగుళాల గోడకు ఇటుకను పడుకోబెట్టి పేరుస్తాం. ఇందులో ఇటుకను అంచు మీద నిలబెడతారు. లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య మూడంగుళాల ఖాళీ వస్తుంది. దాదాపు నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, సిమెంటు కూడా తగ్గుతుంది. మధ్యలో ఉన్న గాలి ఎండ వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. మూలల్లో, కిటికీల కింద, స్లాబు కింద మాత్రం ఖాళీ లేకుండా కట్టాలి. అంచులు సరిగా ఉన్న ఇటుక, చెయ్యి తిరిగిన మేస్త్రి కావాలి.

రెండోది మట్టి దిమ్మ. 1950లలో కొలంబియా దేశంలో చేత్తో నొక్కే ఒక యంత్రం తయారైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ఆస్ట్రా కేంద్రం పల్లెల కోసం ఇలాంటి దిమ్మల మీద పనిచేసింది. మట్టిలో నూటికి అయిదు నుంచి ఎనిమిది పాళ్లు సిమెంటు కలిపి, కొద్దిగా తడిపి, యంత్రంలో నొక్కితే దిమ్మ వస్తుంది. నీడలో ఉంచి మూడు వారాలు తడపాలి. కాల్చే పని లేదు, కట్టెలు తగలబెట్టే పని లేదు.

అన్ని మట్టీ పనికిరాదు. పరీక్ష మీరే చేయొచ్చు. వేర్లు, ఆకులు ఉన్న పైమట్టి తీసేసి, కింది మట్టిని ఒక గాజు సీసాలో మూడో వంతు పోయండి. నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి, బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, పైన ఒండ్రు, ఆ పైన బంకమన్ను పొరలుగా దిగుతాయి. ఇసుక సగానికి బాగా ఎక్కువ ఉంటే మంచిది. బంక ఎక్కువైతే ఇసుక కలపాలి. నల్లరేగడి జోలికి వెళ్లకండి, అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది.

మట్టి ఇల్లు బలహీనమని కొందరంటారు. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్‌లో భూకంపం వచ్చినప్పుడు రాతి ఇళ్లు ఎన్నో కూలాయి. అక్కడివాళ్లు భుంగా అని పిలిచే గుండ్రని మట్టి ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. మట్టికి అసలు శత్రువు నీరు. అందుకని రాతి పునాది నేల మీద అడుగున్నరైనా లేపండి. చూరు రెండడుగులైనా బయటికి దించండి. గోడ పాదం, గోడ తల తడవకపోతే ఇల్లు తరాలు నిలుస్తుంది.

వెదురు సంగతి కూడా చెప్పాలి. లేత వెదురు నరకొద్దు, మూడేళ్లు దాటినదే తీసుకోండి. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెడితే పురుగు పట్టదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. ఈ సంగతి గ్రామసభలో అందరికీ తెలియాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు చేయాల్సిన పనులు మూడు. గూడెంలో గోడ పెట్టడం, తడిక అల్లడం తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని, వాళ్ల పనిని ఫోన్లో వీడియో తీయండి. వాళ్లతో పాటే ఆ విద్య పోతే మళ్లీ రాదు. ఒక్కో గూడెం నుంచి ఇద్దరు ముగ్గురైనా తాపీ పని నేర్చుకోండి, ఆడపిల్లలూ నేర్చుకోవచ్చు. అప్పుడు ఇంటికి పెట్టే కూలి డబ్బు బయటి కాంట్రాక్టరుకు పోకుండా గూడెంలోనే తిరుగుతుంది. ఇక మూడోది, ప్రభుత్వ ఇల్లు మంజూరైనప్పుడు బిల్లు దశలవారీగా వస్తుంది కాబట్టి, ఈ పద్ధతుల్లో కట్టొచ్చా అని ఇంజనీరును పునాది తీయకముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

వచ్చే ఎండాకాలంలో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు మీలో ఉంటే, ఈ రాత్రే ఇంటికెళ్లి సీసాలో మట్టి పోసి చూడండి.