పొట్టి తుపాకీ, దూరపు గురి

కడత్తూరు, ధర్మపురి వైపు ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులకు ముఖ్యంగా ఈ నాలుగు మాటలు.

రేంజిలో తొలి గుండు పక్కకు పోగానే సైటు మరలు తిప్పకండి. ఒకే చోట గురిపెట్టి ఐదు గుండ్లు కాల్చండి. రంధ్రాలు చెల్లాచెదురైతే తప్పు మీ ఊపిరిదో, ట్రిగ్గరు మీది వేలిదో. గుంపుగా పడి, ఆ గుంపు మధ్యకు ఎడమగా ఉంటేనే బ్యాక్‌సైటును కుడికి జరపాలి. ఫోర్‌సైటును జరిపే తుపాకీలో ఇది తిరగబడుతుంది, అక్కడే చాలామంది తికమకపడతారు.

గొట్టం పొట్టిదైతే గురి తప్పుతుందంటారు. గుండు వేగం కొంత తగ్గవచ్చు గాని, అసలు చిక్కు రెండు సైట్ల మధ్య దూరంలో ఉంది. అది 80 సెంటీమీటర్లయితే, ఒక్క మిల్లీమీటరు పొరపాటు 50 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. 40 సెంటీమీటర్లే అయితే పన్నెండున్నర!

ఇక దూరం సంగతి. పాయింట్ 22 గుండు 50 మీటర్లు పోయేలోగా భూమి దాన్ని పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. 100 మీటర్లకు అది నాలుగు రెట్లకు పైమాటే. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం గెలిచారు. అక్కడే 50 మీటర్ల పోటీలకూ దిగారు, కాని వేరే తుపాకీతో.

కనుక 25 దగ్గర కుదిరిన సైటును 50 దగ్గర మళ్ళీ ఐదు గుండ్లతో పరీక్షించండి. ఎంత తిప్పారో, గాలి ఎటు వీచిందో అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకోండి. అదీ రేంజి అధికారి సెలవిచ్చి, తుపాకీ ఖాళీ చేసి కింద పెట్టాకే.