సిద్దిపేటలో జీరో డే: నొప్పి లేని పొక్కు

సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి ధర్మపురి దాకా కాలినడక సిరీస్‌లో ఇది అయిదో ఎపిసోడ్. నడక చూద్దామని వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఈ రోజు మేం నడిచింది సున్నా కిలోమీటర్లు.

అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అని ఒక దారి ఉంది. జార్జియాలో మొదలై మేన్ రాష్ట్రం దాకా దాదాపు 3,500 కిలోమీటర్లు. మొత్తం నడవాలంటే అయిదు నుంచి ఏడు నెలలు. దారిలో ఏదో ఊళ్ళో ఆగిపోయి, ఒక్క అడుగు కూడా ముందుకు పడని రోజుని వాళ్ళు జీరో డే అంటారు. కొంచెమే నడిస్తే నీరో. నాలాంటి కోడింగ్ బ్యాచ్‌కి ఈ పేరు భలే నచ్చుతుంది, మనకి లెక్క సున్నా నుంచే కదా మొదలయ్యేది.

మన దగ్గర ఈ పేరు లేదు గానీ పని మాత్రం ఉంది. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా మండుటెండల్లో 1,400 కిలోమీటర్లకి పైగా నడిచారు. మధ్యలో రాజమండ్రి దగ్గర ఒళ్ళు బాగోలేక కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. పార్టీల సంగతి పక్కన పెట్టండి, నేను పాదాల గురించి మాట్లాడుతున్నా. అంత ఏర్పాట్లున్న యాత్రే ఆగింది. మేమిద్దరం, రెండు బ్యాగులు, ఒక పవర్ బ్యాంక్.

ఇద్దరం అంటే నేనూ, మా మేనమామా. మామకి 54 ఏళ్ళు, షుగర్ వచ్చి 12 ఏళ్ళు. కూతురికి ఉద్యోగం వస్తే ధర్మపురి నరసింహస్వామి దగ్గరికి నడిచి వస్తానని మొక్కుకున్నాడు. వచ్చింది. అసలైతే చెప్పుల్లేకుండా వస్తానన్నాడు, అత్తమ్మ గట్టిగా అడ్డం తగిలితే షూస్ వేసుకున్నాడు. శామీర్‌పేట, గౌరారం, కుకునూర్‌పల్లి, నాలుగో రోజు సాయంత్రానికి సిద్దిపేట. రాజీవ్ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు.

పాత బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. నా మడమ మీద శనగగింజంత పొక్కు. నేను దానికే అబ్బా అమ్మా అంటున్నా. మామ మంచం మీద కూర్చుని, "గింత దానికే ఏడుస్తవేంరా, మీ సాఫ్ట్‌వేరోళ్ళు ఉత్త నాజూకుగాళ్ళు" అని నవ్వుతూ సాక్స్ విప్పాడు. సాక్స్ ఊడి రాలేదు. తడిసి పాదానికి అతుక్కుపోయింది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత పొక్కు, పగిలి, చుట్టూ ఎర్రగా ఉంది.

"నొప్పి లేదా మామా?"

"నొప్పేంది? ఏం గాలేదు అల్లుడూ. పొద్దున్నే లేద్దాం, శనిగరం దాకన్న పోవాలె."

నవ్వుతున్నాడు చూడండి, అదే నన్ను భయపెట్టింది. నాకు నొప్పి ఉంది కాబట్టి ప్రతి అడుగూ జాగ్రత్తగా వేశా. ఆయనకి లేదు కాబట్టి అదే గాయం మీద ఎన్ని కిలోమీటర్లు నడిచాడో ఆయనకే తెలీదు.

పొద్దున్న నడవలేదు, క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టరమ్మ ఒక సన్నటి నైలాన్ దారం లాంటిది తీసింది. మోనోఫిలమెంట్ అంటారు. మామని కళ్ళు మూసుకోమని, పాదం మీద ఒక్కోచోట ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. మడమ దగ్గర, "ఆఁ". పాదం మధ్యలో, "ఆఁ". బొటనవేలి దగ్గర ఆనించింది. మామ ఏమీ అనలేదు. దారం వంగేదాకా నొక్కింది. ఇంకా ఎదురుచూస్తున్నాడు, ఎప్పుడు ఆనిస్తుందా అని. నేను కెమెరా ఆపేశా.

షుగర్ చాలా ఏళ్ళు ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి, ముందుగా పాదాల్లోనే. స్పర్శ తగ్గుతుంది. రక్తప్రసరణ కూడా తగ్గితే పుండు త్వరగా మానదు. ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా వెళ్తే వేలు తీసేసే పరిస్థితి రావొచ్చు. ఇవన్నీ ఆవిడ మామకి మెల్లగా చెప్పింది. ఆయనకి మాత్రం ఒక్కటే ప్రశ్న, "మరి నేను ఎన్నటి సంది నడవాలె?" పుండు మూసుకునేదాకా ఆ పాదం మీద బరువే వెయ్యొద్దంది.

ఇంకో మాట అడిగింది, "పొద్దున టాబ్లెట్ వేసుకున్నాక ఎంతసేపటికి తింటున్నారు?" చల్లపూట ఎక్కువ దూరం నడవాలని మామ టిఫిన్ వెనక్కి నెడుతున్నాడు. కొన్ని షుగర్ మందులు వేసుకుని, తినకుండా నడిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు. అలసట అనుకుంటాం. అలాంటప్పుడు వెంటనే చక్కెర గానీ గ్లూకోజ్ గానీ నోట్లో పడాలి, అందుకే అది జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. ఇంకోటి, అలిసిన కాళ్ళని వేడినీళ్ళలో పెడతాం కదా, స్పర్శ లేని పాదానికి అది చెయ్యొద్దు. కాలినా తెలీదు.

మధ్యాహ్నం ఇద్దరికీ మాటల్లేవు. ఆటోలో కోమటి చెరువుకి తీసుకెళ్ళా. అక్కడ వేలాడే వంతెన ఉంది, జనం సెల్ఫీలు దిగుతున్నారు. మామ బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుని, వంతెన వైపు చూడనుకూడా చూళ్ళేదు. తర్వాత ఒక చీరల షాపులో మాత్రం తేరుకున్నాడు. సిద్దిపేట గొల్లభామ చీర తెలుసు కదా, జీఐ గుర్తింపు ఉన్నది. కుండ పట్టుకున్న గొల్లభామ బొమ్మ అచ్చు వేసింది కాదు, మగ్గం మీద నేతలోనే వస్తుంది. మామ చీర తిరగేసి, వెనకవైపు దారాలు చూసి, అరగంట బేరమాడి అత్తమ్మకి ఒకటి కొన్నాడు. తిట్లు తగ్గడానికి, ఆయన మాటల్లోనే.

రాత్రి అసలు గొడవ. నేను ఇంటికి పొమ్మంటున్నా, ఆయన మొక్కు మధ్యలో వదలొద్దంటున్నాడు. మిగతాది బస్సులో వెళ్దామంటే అది మొక్కు ఎట్లయితదంటాడు. నేను మా చెల్లికి, అదే ఆ ఉద్యోగం వచ్చిన అమ్మాయికి, వీడియో కాల్ చేసి కెమెరా పాదం మీద పెట్టా. తను దేవుడి ఊసే ఎత్తలేదు. "నానా, నా జీతం నీ కాలికి పెట్టిస్తవా?" అంది. మామ ఫోన్ నా చేతికిచ్చి అటు తిరిగి పడుకున్నాడు.

సిద్దిపేటకి 2023 అక్టోబర్ నుంచి సికింద్రాబాద్ రైలు ఉంది. తెల్లారి దాంట్లోనే వెనక్కొచ్చాం. నాలుగు రోజులు నడిచిన దూరం కూర్చునే అయిపోయింది. మామకి అది నచ్చలేదు, కిటికీ వైపు తల తిప్పలేదు.

ఇది రికార్డ్ చేసేటప్పటికి మూడు వారాలు. పుండు చిన్నదయింది, ఇంకా పూర్తిగా మూసుకోలేదు. రోజూ రాత్రి చెల్లి టార్చ్ పెట్టి అరికాలు చూస్తుంది, షూస్ లోపల చెయ్యి పెట్టి తడుముతుంది. డాక్టర్ సరే అంటే మళ్ళీ అదే రైలు ఎక్కి సిద్దిపేటలో దిగి, అక్కడి నుంచే మొదలుపెడతాం. 100 కిలోమీటర్లు స్వామి ఖాతాలో పడ్డయంటాడు మామ. సరే అనకపోతే ఏం చేస్తావని అడిగా. ఇంకా జవాబు చెప్పలేదు.